బుగ్గ కింద దువ్వెన

"నీ పిల్లి ఒంటి మీది పురుగులే పిల్లల్ని పీక్కుతింటున్నాయి. రేపటి నుంచి పనిలోకి రాకు!"

నలభై మంది అమ్మాయిల ముందు వార్డెన్ ఆ మాట అనేసరికి ఆయాకు ఒళ్లు భగ్గుమంది. పదకొండేళ్లుగా ఆ హాస్టల్ ఊడ్చి తుడుస్తున్న మనిషి. తడి సబ్బుబిళ్ల పట్టుకుని విసవిసా మేడెక్కి, మంచాల కింద గెంతుతున్న పురుగుల మీద అద్దింది. పద్నాలుగు అంటుకున్నాయి. ఇంటికెళ్లి పిల్లిని దువ్వెనతో గీకి గీకి చూసింది. ఒక్కటీ రాలలేదు.

పురుగుల్ని పరీక్షించే ల్యాబులో పనిచేసే ఆడపడుచు ముందు ఆ సబ్బు పెట్టింది.

"నా పిల్లివే అయితే ఒప్పుకుంటా. ముందు తేల్చు."

ఆడపడుచు మైక్రోస్కోపులో ఒక్కొక్కటీ చూసింది.

"వదినా, పిల్లి పురుక్కి బుగ్గ కింద, మెడ వెనక నల్లటి ముళ్లు దువ్వెన పళ్లలా ఉంటాయి. వీటికి లేవు. ఎలుకదైతే ఈ వెంట్రుక కంటి ముందుండాలి, ఇది కంటి కిందుంది. ఇవి మనుషుల్ని పట్టే జాతి. పందుల మీదా బతుకుతాయి."

"పందులా?" ఆయా పళ్లు పటపటా కొరికింది.

సెలవుల్లో పరుపులన్నీ వార్డెన్ తన తమ్ముడి పందుల షెడ్డులో పడేయించింది. తిరిగి తెచ్చాక ఎండలో వేసి దులుపుదామని ఆయా అంటే, "నీ పని నువ్వు చూసుకో" అని కసిరింది కూడా.

మర్నాడు పొద్దున్నే ఆయా ల్యాబు కాగితం తెచ్చి వార్డెన్ బల్ల మీద పెట్టింది.

"ఏ పురుగైతే ఏంటి? సర్లే, పనిలోకి రా. గొడవ చెయ్యకు."

"అందరి ముందూ అన్నారు. అందరి ముందే వెనక్కి తీసుకోండి."

అమ్మాయిలంతా హాల్లో చేరారు. వార్డెన్ గొణిగింది, "పిల్లి వల్ల కాదంట."

"మరి ఎవరి వల్ల?" నిలదీసింది ఆయా.

వార్డెన్ తల దించుకుని, "పరుపులు షెడ్డులో పెట్టించింది నేనే" అంది.

ఆయా కోపం ఇసుమంతైనా తగ్గలేదు.

"వినండమ్మా! వీటి పిల్లలు పరుపుల్లో, నేల పగుళ్లలో గూళ్లు కట్టుకుని నెలల తరబడి కదలకుండా ఉంటాయంట. అడుగుల అదురు తగిలితే బయటికి దూకుతాయంట. పరుపులన్నీ దించండి, ఆవిరి పట్టించాలి. పగుళ్లు నేను చూసుకుంటా."

అమ్మాయిలు మెట్లవైపు కదిలారు. వార్డెన్ మెల్లగా తన గదివైపు జారుకోబోయింది.

"మీరెక్కడికి? మీరూ ఒక కొస పట్టుకోండి."

వార్డెన్ ఎర్రబడ్డ మొహంతో మేడెక్కి, వంగి పరుపు పట్టుకుంది. రెండో కొస ఆయా లేపింది. ఇద్దరూ పరుపు మోసుకుంటూ మెట్లు దిగారు.