రోకలి చప్పుడు

జోగిపేట బెల్లం వ్యాపారి వెంకటేశం లారీని మూడు జతల ఎద్దులు ఈడ్చుకొచ్చి, సంగారెడ్డిలో సాదుల్లా మిస్త్రీ కార్ఖానా ముందు నిలిపాయి. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన బండి అది. రెండేళ్లు నడిచింది. నలభై ఎనిమిదిలో సైన్యం దిగిన గడబిడలో పెట్రోలు దొరక్క ఆగిపోయి, ఆరేళ్లుగా ఎండకు ఎండి వానకు తడిసింది. సీట్ల కింద ఎలుకలు కాపురాలు పెట్టాయి. హ్యాండిల్ వేసి తిప్పితే ఇంజను వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఇంజను చప్పుడు విని రోగం చెబుతాడని సాదుల్లాకు పేరు. ఆ పేరు వినే వెంకటేశం ఇంత దూరం వచ్చాడు. అయితే ఏడాది కిందట వచ్చిన విషజ్వరం సాదుల్లా చెవులు రెండూ తినేసింది. ఆ సంగతి ఆయన భార్య బషీరున్నీసాకు తప్ప ఎవరికీ తెలియదు. పెదవుల కదలిక చూసి జవాబిస్తూ, అర్థం కానిచోట పనిలో మునిగినట్టు తల వంచుకుంటూ ఆయన నెట్టుకొస్తున్నాడు.

"చెప్పెయ్యరాదుండ్రి" అని ఆమె ఒకసారి నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా విడగొట్టి అంది.

"చెవిటి మిస్త్రీకి బండి ఎవడిస్తడు, బషీరా?" అన్నాడాయన. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు.

ఇరవై రోజులు పని చేశాడు. సిలిండర్లలో కిరసనాయిలు పోసి వారం నానబెట్టాడు. తుప్పు గీకాడు, వైర్లు మార్చాడు, పాత బండ్ల నుంచి తీసిన సామాను బిగించాడు. ఈ పనులకు చెవులక్కర్లేదు. చేతులు చాలు. వెంకటేశం ఏర్పాటు చేసుకున్న డ్రైవరు యాదన్న చివరి నాలుగు రోజులూ వచ్చి తోడున్నాడు. లక్డారం మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. తన బండి అన్నట్టే దాన్ని కడిగి తుడిచేవాడు.

ఇంజను స్టార్టు చేసే రోజు బషీరున్నీసా అన్నం గిన్నె పట్టుకొని వచ్చింది. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారు. ఆమె ఆయన వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేస్తుంది. టకటకమని తేలిక చప్పుడు వస్తే వేళ్లతో తట్టాలి. లోపలి నుంచి బరువైన దెబ్బ వినిపిస్తే అరచేత్తో నొక్కాలి. అది బేరింగు అరిగిందన్న గుర్తు. అట్లాంటి బండిని రోడ్డెక్కించకూడదు.

నాలుగోసారి హ్యాండిల్ తిప్పగానే లారీ ఒళ్లంతా వణికి లేచింది. పొగ కార్ఖానా అంతా నిండింది. ఆమె వేళ్లు చకచకా ఆడాయి. ఆయన ఒక్కో నట్టూ సరిచేస్తుంటే వేళ్లు నెమ్మదించి చివరికి ఆగాయి. అప్పుడు యాదన్న యాక్సిలేటరు తొక్కాడు. ఎక్కడో దబ్, దబ్ మని వినిపించింది. బషీరున్నీసా చెవి రిక్కించింది. గోడ అవతల శివమ్మ ఇల్లు. శివమ్మ జొన్నలు దంచుతోందనుకుంది. చేత్తో నొక్కలేదు.

"ఇంక రెండు రోజులు ఉండనియ్యుండ్రి సావుకారు. కింద చాంబరు విప్పి బేరింగు ఒకసారి చూస్త" అన్నాడు సాదుల్లా.

"మంచిగనే నడుస్తున్నది గదా, మిస్త్రీ. అక్కడ బెల్లం కరుగుతున్నది" అన్నాడు బండి తీసుకుపోను వచ్చిన వెంకటేశం.

సాదుల్లా వెనక్కి తిరిగి భార్య ముఖం చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన బండి ఇచ్చేశాడు.

మూడో రోజు పొద్దున బషీరున్నీసా మజ్జిగ కోసం శివమ్మ ఇంటికి వెళ్లింది. తలుపుకు తాళం ఉంది. "పెండ్లికి పొయ్యిండ్రు. వారమాయె" అంది ఎదురింటామె.

ఆమె చెంబు పట్టుకొనే వెనక్కి పరుగెత్తింది. కార్ఖానాకొచ్చి భర్త ఎదుట రెండు చేతులతో రోకలి పట్టినట్టు పట్టి, దంచి చూపించింది. గోడ వైపు వేలు చూపి కాదన్నట్టు తల ఊపి, లారీ నిలిచిన చోటు చూపించింది. ఆయనకు అర్థమైంది. కానీ ఆ తెల్లవారుజామునే లారీ బెల్లం వేసుకొని సంగారెడ్డి మీదుగా పట్నం దారి పట్టింది.

సాదుల్లా పక్క దుకాణంలో సైకిలు అడిగి తీసుకొని తొక్కాడు. కంది దాటాడు. పటాన్‌చెరుకు ఇవతల ఎత్తు దగ్గర జనం కనిపించారు. ఎత్తెక్కుతుంటే ఇంజను లోపల విరిగి ఆగిపోయింది. బ్రేకు ఆపలేకపోయింది. బరువుతో బండి వెనక్కి జారి, పల్లంలో పక్కకు పడింది. బెల్లం ముద్దల మీద అప్పటికే ఈగలు ముసురుతున్నాయి. యాదన్నను ఎడ్లబండిలో పటాన్‌చెరు తీసుకుపోయారని అక్కడున్నవాళ్లు చెప్పారు. సాదుల్లా మూడుసార్లు అడిగితే గానీ వాళ్ల మాట అందలేదు.

పట్నం దవాఖానలో యాదన్న కుడికాలు మోకాలి వరకు తీసేశారు. ఎనిమిదో రోజు భార్యాభర్తలు చూడబోయారు. యాదన్న భార్య మల్లవ్వ మంచం పక్కన నేల మీద కూర్చొని ఉంది. వీళ్లను చూసి కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"నాకు చెవులు ఇనవడవు, యాదన్నా" అన్నాడు సాదుల్లా. "ఏడాదాయె. ఎవ్వరికీ చెప్పలే. తప్పు నాది."

యాదన్న ఆయన్నే చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండేదని బషీరున్నీసాకు అనిపించింది.

"ముందే చెప్తే నేనింటుంటి గదా, మిస్త్రీసాబ్" అన్నాడు నీరసంగా. "నాలుగు రోజులు నీ పక్కనే ఉంటి. ఏం చప్పుడొస్తుందో నేను చెప్తుంటి."

సాదుల్లా భార్య వైపు తిరిగాడు. "ఏమంటున్నడు?"

 ఆమె పెదవులు మెల్లగా కదిపి చెప్పింది. "పోనీ, రాసిపెట్టుంది అంటున్నడు."

ఆయన ఆమె కళ్లలోకి చూశాడు. నమ్మాడో, యాదన్న పెదవుల మీద అసలు మాట ముందే చదివాడో, ఆమె ఎన్నడూ అడగలేదు.

సంగారెడ్డికి వచ్చాక సాదుల్లా తన చెవుల సంగతి బజారులో అందరికీ తానే చెప్పాడు. కార్ఖానా ఇంకొకరికి అప్పగించి, ఇంటి అరుగు మీద కూర్చొని బిందెలకు మాట్లు వేయడం, గిన్నెలకు కళాయి పూయడం మొదలుపెట్టాడు. ఇంజన్ల జోలికి మళ్లీ పోలేదు. బషీరున్నీసా వంటింట్లో ఏ పని చేస్తున్నా, బయట బరువైన చప్పుడు ఏది వినిపించినా చెయ్యి ఆపి, అది ఎక్కడిదో తెలిసేదాకా నిలబడేది.

నెలకోసారి సాదుల్లా లక్డారం వెళ్లేవాడు. మొదటి రెండుసార్లు మల్లవ్వ తలుపు తీయలేదు. మూడోసారి తీసి లోపలికి పోయింది. యాదన్న వసారాలో కూర్చొని జనుము తాళ్లు పేనేవాడు. సాదుల్లా ఎదురుగా కూర్చొని జనుము పాయలు విడదీసి అందించేవాడు. యాదన్న ఏవేవో చెప్పుకుంటూ పోయేవాడు. బండి గురించో, పంట గురించో, రాత్రిళ్లు లేని పాదంలో పుట్టే నొప్పి గురించో. అతను తల వంచి చెబుతుంటే పెదవులు కనిపించేవి కావు.

తల ఎత్తమని సాదుల్లా ఏనాడూ అనలేదు. పొద్దు వాలేదాకా పాయలు అందించి, లేచి, సంగారెడ్డికి నడిచి వచ్చేవాడు.