అనారోగ్య కారణం

"ఆడదాని పి.ఎఫ్. అయినా ఇంటి డబ్బేగా," అంది మా అత్త తెరేసమ్మ, నేను కొరమీను బూడిదేసి తోముతుంటే. తోమేది నేను, తినేది ఆవిడా కొడుకులూ. మా మరిది అంతోని గురుపట్టం పుచ్చుకుని చర్చి ఫాదరవుతున్నాడు. మొదటి పూజకి ఇంటివాళ్లు బంగారుపూత వేసిన వెండిపాత్ర కానుకివ్వాలి, మాలో అది ఆనవాయితీ. దాని అడుగున "అన్న బాలశౌరి కానుక" అని చెక్కించాలని మా ఆయన ముచ్చట. డబ్బు మాత్రం నాది. ఉద్యోగం మానేస్తే పి.ఎఫ్. మొత్తం చేతికొస్తుందిగా, మానెయ్యి అన్నాడు.

కుదరదన్నాను. బెల్టు తీశాడు. అత్త గుమ్మంలో కూచుని జపమాల తిప్పుతూనే ఉంది. ఛీ, దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు కాస్త పెంచి "మరియమ్మా" అనేది, నా ఏడుపు పక్కింటికి వినబడకుండా.

మర్నాడు తనే నన్ను గవర్నరుపేటలో నేను టైపిస్టుగా చేసే ఆఫీసుకి లాక్కొచ్చాడు. అకౌంట్స్ చూసే సంజీవరావుగారు మా ఆయన చెప్పిన కానుక సంగతంతా విని, ఫైలు తిరగేసి, "అమలమ్మగారూ, మీ సర్వీసు నాలుగేళ్ల పదినెలలే. ఐదేళ్లు నిండకుండా మానేస్తే ఆ డబ్బు మీద టాక్సు పడుతుందండి. కానుకకైనా కూటికైనా అంతే. రెణ్ణెల్లు ఆగండి," అన్నారు.

పూజ మూడు వారాల్లో ఉంది. "టాక్సు పడకుండా దారే లేదాండీ?" అన్నాడు మా ఆయన, ఎక్కడలేని మర్యాదా తెచ్చుకుని.

"ఆరోగ్యం చెడి మానేస్తే పడదండి. డాక్టరు సర్టిఫికెట్టు కావాలి."

ఇంటికి రాగానే తలుపు గడియ పెట్టాడు. నా కుడిచెయ్యి గడపమీద అదిమిపెట్టి రోకలితో వేశాడు. ఒకటి కాదు, రెండు. "ఇప్పుడు రాస్తాడుగా డాక్టరు!" అన్నాడు రొప్పుతూ. నిమిషానికి నలభై మాటలు కొట్టే వేళ్లు, మూడు వంకరపోయాయి. వాడి చేతులు పడిపోను! ఆ రోకలి వాడి నెత్తిన వెయ్యాలనిపించింది, ఎత్తడానికి చెయ్యేదీ?

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కట్టు కడుతుంటే, "బావి దగ్గర జారిపడిందండీ. ఇక ఉద్యోగం చెయ్యలేదని ఓ సర్టిఫికెట్టు ఇప్పించండి," అన్నాడు.

ఆవిడ నావైపు తిరిగింది. "ఏమ్మా, జారిపడ్డావా?"

మా ఆయన పక్కనే నించున్నాడు. అయినా చెప్పాను.

"లేదండీ. నా మొగుడు బాలశౌరి రోకలితో విరగ్గొట్టాడు, అలాగే రాయండి. రెండు కాయితాలు కావాలి. ఒకటి పోలీసులకి. రెండోది మా ఆఫీసుకి, సెలవు కోసం. నేను ఉద్యోగం మానటం లేదు."