ముగ్గురుంటేనే ఆట

మా బిలియర్డ్స్ హాల్లో నాలుగు బల్లలున్నాయి. వాటి ఆకుపచ్చ గుడ్డ మీద టీ కప్పు పెట్టినవాణ్ణి, ఎంతటివాడైనా సరే, నేను వదిలిపెట్టను. నా నోటికి జడిసే సగంమంది రావడం మానేశారని మా కోడలు అంటుంది. మానేస్తే మానెయ్యనీ.

మావాడు పోయాక ఈ హాలూ, పైన రెండు గదులూ, మేమిద్దరమూ మిగిలాం. నేను కౌంటర్లో కూర్చుంటాను, అది బల్లలు చూసుకుంటుంది. ఆటలో దాన్ని కొట్టేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు.

ఇక లిఫ్టాయన సంగతి. వీధి చివరి మేడల్లో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, రోజూ సాయంత్రం మా హాలుకొచ్చి ఊరికే ఆట చూస్తూ కూర్చుంటాడు. నలభై దాటాయి, నోట్లో నాలుక లేదు. మనిషి కూడా లిఫ్టు లాంటివాడే, బొత్తాం నొక్కితేగాని కదలడు. అలాంటివాడు ఏ ధైర్యం తెచ్చుకున్నాడో, "నన్ను పెళ్ళి చేసుకుంటారా" అని మా కోడల్ని అడిగేశాడు. ఆదివారం చెప్తానంది. ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. "మనసు లేక కాదక్కా. అత్తయ్యని వదిలేసి ఎలా వెళ్తాను?" అని వాళ్ళక్కతో ఫోన్లో అంటుంటే విన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కోసం అది కాదనడమేమిటి? నేనేమన్నా చంటిపిల్లనా? ఎలాగైనా దాని చేత ఊఁ అనిపించాల్సిందే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం, హాలు ఇంకా తెరవకముందే, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఇద్దరూ చెరో గోడా చూస్తూ నిలబడ్డారు. ఇలాగైతే తెల్లారినట్టే అనిపించి, "ఇలా రండి, ఓ ఆట ఆడదాం" అన్నాను.

"నాకు రాదండి ఓనరుగారూ" అన్నాడు.

"రాకపోతే నేర్చుకో. ఇది ముగ్గురాడే ఆట. పదిహేను బంతులు, మనిషికి ఐదు. మేం వాటిని పిల్లలంటాం. ఒకటి నుంచి ఐదు నా పిల్లలు, ఆరు నుంచి పది నీ పిల్లలు, మిగతావి దాని పిల్లలు. తెల్లబంతిని కర్రతో కొట్టి, పక్కవాళ్ళ పిల్లల్ని గుంతల్లోకి తొయ్యాలి. ఐదూ పోయినవాళ్ళు కర్ర పక్కన పెట్టి తప్పుకోవాలి. ఆఖరికి బల్ల మీద ఎవరి పిల్లలు మిగిలితే వాళ్ళు గెలిచినట్టు."

"పాపం కదండీ!" అన్నాడు.

మా కోడలు మొహం తిప్పుకుని నవ్వింది. దాని నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

నా ఎత్తేమిటంటే, చప్పున ఔటైపోయి టీ వంకతో పైకి వెళ్ళిపోవడం. ఇద్దరే మిగిలితే మాటలు అవే వస్తాయి. అతని పిల్లల్లో ఒకదాన్నీ, నా పిల్లల్లో రెండింటినీ కోడలు పడేసింది. ఒకదాన్ని లిఫ్టాయన గుడ్డిగా కొట్టి పడేసి, నాకు క్షమాపణ చెప్పాడు. మిగిలిన రెండింటినీ నేనే పడేసుకున్నాను.

"అయ్యో, గురి తప్పింది! వయసైపోయింది మరి. మీరాడుతూ ఉండండి, టీ పెట్టుకొస్తా" అని కర్ర స్టాండులో పెట్టాను. కోడలు నా వంక అదోలా చూసింది.

లిఫ్టాయన ఓ దెబ్బ కొట్టాడు, ఏదీ పడలేదు. నేను సగం మెట్లెక్కేసరికి కోడలి వంతు వచ్చింది. టక్కుమంది. వెనక్కి తిరిగి చూద్దును కదా, తెల్లబంతి దేన్నీ తాకకుండా తిన్నగా వెళ్ళి మూల గుంతలో పడింది.

"అదేంటండీ, తెల్లది పడిపోయింది?" అన్నాడు లిఫ్టాయన.

"తప్పు చేశాను" అంది కోడలు తాపీగా. "తెల్లది పడేస్తే మిగతా ఇద్దరికీ చెరో పిల్లని తిరిగివ్వాలి. ఔటైనవాళ్ళు కూడా మళ్ళీ ఆటలోకి వచ్చేస్తారు." అతని బంతి ఒకటీ, నా ఎర్ర బంతి ఒకటీ తీసి బల్ల మీద పెట్టింది. "అత్తయ్యా, దిగి రండి."

ఇన్నేళ్ళ ఆటలో అది తెల్లబంతిని పడేసుకోగా నేను చూడలేదు. పళ్ళు నూరుకుంటూ దిగొచ్చి, నా ఎర్ర బంతిని నేనే మళ్ళీ గుంతలోకి తోసేశాను. "పడిపోయింది. ఏం చేస్తాం!"

ఇప్పుడు లిఫ్టాయన వంతు. కర్ర కొసకి సుద్ద రుద్దుతూ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. కోడలి పిల్ల ఒకటి గుంత అంచునే ఉంది, ఊదితే పడేటట్టు. దాన్ని వదిలేసి, తెల్లబంతిని మెల్లగా ఖాళీ గుంతలోకి సాగనంపాడు. కోడలి పిల్లలు ఒక్కటీ పడలేదు కనక, నా ఎర్ర బంతి ఒక్కదాన్నే వెతికి తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనూ తప్పు చేశానండి. మీరు రావాలి" అన్నాడు.

"ఏమిటయ్యా ఈ నాటకాలు!" అని అరిచాను. "ఇద్దరూ నన్ను పట్టుకు లాగుతారేం? నేను తప్పుకుంటేనే అది నీతో వస్తుంది. ఆ మాత్రం తెలియదా నీకు?"

కోడలి కళ్ళు నిండిపోయాయి. "ఆయన పోయినప్పుడు మీరు తప్పుకుని ఉంటే నేనేమైపోయేదాన్ని అత్తయ్యా? మిమ్మల్ని వదిలి నేనెక్కడికీ వెళ్ళను."

లిఫ్టాయన నీళ్ళు నమిలి నమిలి, "ఎక్కడికి వెళ్ళాలండీ?" అన్నాడు.

"మీ ఇంటికి!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

"నాకు ఇల్లెక్కడిదండీ? ముగ్గురు మెకానిక్కులం ఒక గదిలో సర్దుకుంటున్నాం. ఈవిడ సరేనంటే పైన నాకూ కాస్త చోటిస్తారా అని మిమ్మల్ని అడుగుదామనుకున్నాను."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదా!" అంది కోడలు.

"మీరు అడగలేదండి."

నేను తల కొట్టుకున్నాను. కోడలు ఏడుస్తూనే పకపకా నవ్వింది. నవ్వుతూనే, "సరే. చేసుకుంటాను" అంది.

కాసేపటికి లిఫ్టాయనకి కొత్త బెంగ పుట్టింది. "మరి మిమ్మల్ని నేనేమని పిలవాలండీ? ఇంకా ఓనరుగారంటే బాగోదేమో."

నేనూ వరస కలిపి చూశాను. పిల్లనిచ్చిన అత్తని కాను. ఇంకే వరసా తట్టలేదు. "కోడలి మొగుడు నాకేమవుతాడే?" అని కోడల్ని అడిగాను. అడిగాకగాని నాకే తెలియలేదు ఏమన్నానో. కోడలి మొగుణ్ణి కొడుకంటారు. దానికి ఇంకో మాట లేదు. కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లిఫ్టాయన కర్రని బల్లకి ఆనించి దగ్గరికొచ్చాడు. వినపడీ వినపడనట్టు, "అమ్మా" అన్నాడు.

"ఏంట్రా?" అన్నాను.