పది గంటల గీత

రెండో తరగతి టీచరుకు పిల్లలు పెట్టిన పేరు చెత్త టీచర్. ఆవిడకు ఆ సంగతి తెలుసు, బాధా లేదు. ఖాళీ సీసాలు, మూతలు, చిరిగిన బెలూన్లు, తెగిన చెప్పుల రబ్బరు, ఏది కనబడినా సంచిలో వేసుకొచ్చే మనిషిని మరేమని పిలుస్తారు? ఆ చెత్తతోనే పిల్లల చేత నీటి మీద తేలే పడవలు చేయించింది, గాలితో పరిగెత్తే బండ్లు చేయించింది. రోజూ పది గంటల బెల్లుతో మొదలయ్యే ఆ సైన్సు పీరియడులో పుస్తకం తెరిస్తే ఒట్టు.

హెడ్మాస్టరుకు అదే కంటగింపు. "ఆటలు ఇంటి దగ్గర కూడా ఆడుకుంటారమ్మా. వీళ్ల చేతిరాత చూడండి, కోడి కెలికినట్టుంది," అనేవాడు. చివరికి సైన్సు కొట్టేసి చేతిరాత పెట్టి కొత్త టైంటేబులు రాసేశాడు, సంతకం ఒక్కటే మిగిలింది. టీచరు కాళ్లావేళ్లా పడింది. ఆయన మెత్తబడలేదు గాని ఒక్క మాట ఇచ్చాడు. "శుక్రవారం పది గంటలకు మీ క్లాసుకొస్తాను. ఇన్నాళ్లూ ఆడించి వీళ్లకు నిజంగా ఏం నేర్పారో చూపించండి. చూపిస్తే ఆ పీరియడు మీదే. లేదంటే ఇక దాని ఊసెత్తొద్దు."

టీచరు రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని నీడను నమ్ముకుంది. క్లాసుకు తూర్పున ఇనుప చువ్వల కిటికీ ఉంది. పదిహేను రోజులుగా పది గంటల బెల్లు మోగగానే, మధ్య చువ్వ నీడ నేల మీద ఎక్కడ పడితే అక్కడ పిల్లలు సుద్దముక్కతో గీత గీస్తున్నారు. గీతలన్నీ ఒకదాని పక్కన ఒకటి, రెండు వేళ్ల వెడల్పులో ఇమిడిపోయాయి. ఆయా చీపురు అటు తగలకుండా వంతులు వేసుకుని మరీ కాపలా కాశారు. ఇక శుక్రవారం బెల్లు మోగేసరికి నీడ ఎక్కడుంటుందో పిల్లలు ముందే చెబుతారు, నీడ వచ్చి అక్కడే ఉంటుంది. కళ్లముందు కనబడేదాన్ని ఎవరు కాదంటారు?

శుక్రవారం ఎండ బాగానే కాసింది. హెడ్మాస్టరు బెల్లుకు ముందే వచ్చి తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. పిల్లలు గీతల చుట్టూ మూగారు. "బెల్లు కొట్టగానే నీడ ఈ గీతల మీదుంటుంది సార్," అని ముప్పైమందీ ఒక్క గొంతుతో చెప్పారు.

బెల్లు మోగింది. నీడ గీతల మీద లేదు. జానెడు దూరంలో ఆగి ఉంది.

హెడ్మాస్టరు నెమ్మదిగా కుర్చీలోంచి లేచాడు. ఆ లేవడం చూసి టీచరు, "ఎక్కడో గీత తప్పు గీసినట్టున్నాం సార్," అనేసింది. చెప్పడానికే సిగ్గుగా ఉంది. పదిహేను రోజుల పిల్లల కష్టం మీద తన చేత్తో తనే నీళ్లు పోసింది మహాతల్లి.

"తప్పు గీయలేదు టీచర్," అని కింద నుంచి ఒక గొంతు వచ్చింది. ఆ పిల్లను అందరూ డౌటు అంటారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చెప్పినా, "మీరు చూశారా?" అని అడిగే రకం. "తప్పే గీస్తే అన్నీ ఒక్క చోటే ఎందుకు పడతాయి?"

"మరి నీడ రాలేదేం?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఇంకా పది కాలేదు సార్."

"ఇప్పుడే కదా బెల్లు కొట్టారు. వినబడలేదా?"

"వినబడింది సార్. ముందే కొట్టేశారు."

పిట్ట కొంచెం, కూత ఘనం. హెడ్మాస్టరు మొహం జేవురించింది. "ఆయా కొట్టేది ఆఫీసు గడియారం చూసి. దానికి ఇవాళ పొద్దున కొత్త బ్యాటరీ వేసింది నేను, టైము పెట్టింది నేను," అన్నాడు. క్లాసులో గడియారం లేదు. టీచర్ల ఫోన్లన్నీ ఆఫీసు సొరుగులో ఉండాలని ఆయనదే రూలు. ఆ బడిలో టైమంటే బెల్లే, బెల్లంటే ఆయనే.

టీచరు డౌటు నోరు మూయించడానికి చెయ్యి చాపబోయింది. చాపిన చెయ్యి మధ్యలోనే ఆగింది. ఆ పిల్ల ఎవరి మొహమూ చూడటం లేదు, గీతల వంకే చూస్తోంది. చూసిందే చెప్పమని ఇన్నాళ్లూ నేర్పింది ఎవరు? టీచరుకు ఒక్కసారిగా ఎక్కడలేని తెగువ వచ్చింది. "సార్, మీరు వెళ్లొద్దు. పిల్ల చెప్పింది నిజమో కాదో ఇక్కడే తేల్చుకుందాం," అంది.

"ఎంతసేపు కూర్చోమంటారు?"

డౌటు నీడకూ గీతలకూ మధ్య చెయ్యి పరిచి చూసింది. "నా జానెడు నడవడానికి నీడకు పది నిమిషాలు పడుతుంది సార్. మొన్న అందరం కలిసి అరవై దాకా పదిసార్లు లెక్కపెట్టాం."

హెడ్మాస్టరు ఆయాను పిలిచి తన ఫోను తెమ్మన్నాడు. ఫోను వచ్చింది. చూశాడు. చేతి వాచీ చూసుకున్నాడు. మళ్లీ ఫోను చూశాడు. వాచీలో పదీ మూడు. ఫోనులో తొమ్మిదీ యాభై మూడు.

ఎక్కడికీ ఆలస్యం కాకూడదని ఆ వాచీని ఆయన ఇరవై ఏళ్లుగా పది నిమిషాలు ముందుంచుతాడు. పొద్దున బ్యాటరీ మార్చే హడావుడిలో ఆ ముక్క మరిచి, దాన్నే చూసి ఆఫీసు గడియారంలో టైము పెట్టేశాడు. ఫోను జేబులో వేసుకుని బయటికి నడిస్తే అడిగే నాథుడు లేడు. ఆయన నడవలేదు. కుర్చీ పక్కకు జరిపి, ప్యాంటు పైకి లాక్కుని పిల్లల మధ్య నేల మీద చతికిలబడ్డాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"అందుకేనా సార్, ఇవాళ మమ్మల్ని పదకొండుమందిని లేటని గేటు దగ్గర నిలబెట్టారు?" అని అడిగాడు వెనక నుంచి బొద్దుగా ఉన్న ఒక పిల్లాడు.

"అందుకే నాయనా. తప్పు నాది."

ఆయా గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "అయితే అసలు బెల్లు ఎప్పుడు కొట్టమంటారు సార్?" అంది.

"నన్నడుగుతావేం? వాళ్లనడుగు."

ముప్పైమందీ గీతల మీదికి వంగారు. డౌటు నేల మీద బోర్లా పడుకుని గీతకు కన్ను ఆనించినంత పని చేసింది. ఆయా వరండాలో కర్ర ఎత్తి పట్టుకుని ఆ పిల్ల వంకే చూస్తోంది. నీడ కదులుతున్నట్టే లేదు, కానీ బెత్తెడు ఉన్నది రెండు వేళ్లయింది, రెండు వేళ్లున్నది వేలైంది. టీచరు పమిట కొంగు నలిపి నలిపి తాడు చేసేసింది.

"ఇప్పుడు," అంది డౌటు.

బెల్లు ఖణేల్‌మంది. హెడ్మాస్టరు ఫోను తీసి అందరికీ కనబడేలా ఎత్తాడు. సరిగ్గా పది. ఆ తర్వాత ముప్పైమంది వేసిన కేకకు పక్క క్లాసు టీచరు సుద్దముక్క వదిలేసి పరిగెత్తుకొచ్చింది. చెత్త టీచరు ఏడుస్తోంది, దాచుకోలేదు కూడా. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లలో ఇంత సంతోషం ఆవిడ ఎరగదు.

హెడ్మాస్టరు జేబులోంచి టైంటేబులు తీసి, చేతిరాత అన్న చోట అడ్డంగా కొట్టి సైన్సు అని రాశాడు. సంతకం పెట్టి టీచరుకు అందించాడు. లేచి ప్యాంటు దులుపుకుంటూ డౌటు వైపు తిరిగాడు.

"సోమవారం నాక్కూడా ఒక సుద్దముక్క ఉంచమ్మా," అన్నాడు.