తాంబూలం నమిలినంతసేపు

సింగనపల్లి చెరువుకట్ట తెగిన రోజున నేను మహారాజుగారి ఎడమ మోకాలి పక్కన, సగం నిండి ఉన్నాను. నేను ఒక తమ్మపడిగను. అంటే, నమిలిన తాంబూలం ఉమ్మే పాత్రను. ఒక కంచరి నన్ను ఇత్తడితో పోతపోసి పైన బంగారు పూత పూశాడు. అతని ఇంట ఉన్న నాలుగు రోజులూ శుభ్రంగా ఉన్నాను. ఆ తరువాత మూడు తరాల రాజులు నాలో ఉమ్మారు.

మహారాజుగారి తాతకు ఎవరైనా మాట్లాడితే తాంబూలం రుచి చెడేది. అందుకని తన నోట్లో ఆకు ఉన్నంతసేపు ఎదుట ఎవరూ నోరు విప్పకూడదని కట్టడి చేశాడు. నాలో ఉమ్మిన చప్పుడు వినిపించాకే మనవి మొదలుపెట్టాలి. ఆ కట్టడిలో తాతకు తోచని సుఖం ఒకటి మనవడికి తోచింది. వినడం ఇష్టంలేని మనిషి గుమ్మంలో కనిపిస్తే ఇంకో ఆకు చుట్టి దవడన పెట్టుకునేవాడు. దివాను దాన్ని రాజనీతి అనేవాడు. నాకు తెలిసినంతవరకు అది ఉమ్మి.

ఈయన ఘనకార్యం ఇంకొకటి ఉంది. ఒక ఎండాకాలం ఏదో ఊరివాళ్లు అడగకుండా చెరువు నీళ్లు వదులుకున్నారట. తన సెలవు లేకుండా రాజ్యంలో ఏదీ కదలకూడదని, తూములన్నిటికీ ఇనుప తలుపులు బిగించి, తాళంచెవులు కోటకు తెప్పించాడు. అవి ఒక గదిలో మేకులకు వేలాడుతూ తుప్పుపట్టాయి. తరతరాలుగా చెరువులను కనిపెట్టుకున్న నీరుగంట్లకు కట్టమీద నిలబడి చూడటమే మిగిలింది.

ఆ రోజు వచ్చినవాడు సింగనపల్లి నీరుగంటి ముత్యాలప్ప. మూడు రోజుల ముసురులో తడిసి, పొద్దున్నే వచ్చాడు. కట్టకింద ఊట పుట్టిందని, తూము తెరిచి నీళ్లు తగ్గిస్తే కట్ట నిలుస్తుందని, తాళంచెవి ఒక్కటి చాలునని గుమ్మం దగ్గర భటుడితో చెప్పుకున్నాడు. కట్టకు దిగువన మొదటి ఇల్లు తనదేనని, ఇంట్లో భార్యా కూతురూ ఉన్నారని కూడా చెప్పాడు. ఆ మాటలు నాకు వినిపించాయి. మహారాజుకూ వినిపించే ఉంటాయి. అతని బురదకాళ్లు చూసి ఆకు చుట్టుకున్నాడు.

ముత్యాలప్ప చేతులు జోడించి నిలబడ్డాడు. అతని చూపు రాజు మీద లేదు, నా మీద ఉంది. మొదటి ఆకు ఉమ్మకుండానే రాజు రెండోది వేశాడు. మూడోదానికి ముత్యాలప్ప ఉండబట్టలేక, "సామీ, కట్ట తెగిపోతాండాది" అన్నాడు. కట్టడి మీరినందుకు అతన్ని బయటికి నడిపించారు.

అతను చేరేసరికి ఊరు లేదని మర్నాడు దివాను మనవి చేశాడు. ముత్యాలప్ప ఇల్లు ఉన్నచోట ఇసుక మేట వేసిందట. మహారాజు ఉమ్మి, ఎండ కాసిందా అని అడిగాడు.

నెల తిరక్కముందే జనం కోటకు వచ్చారు. యుద్ధమేమీ జరగలేదు. కావలి భటుల్లో సగంమంది చెరువుల కింది ఊళ్లవాళ్లే. తలుపులు వాళ్లే తీశారు. మహారాజు అలవాటుకొద్దీ బుగ్గన ఆకు పెట్టుకుని, అందరూ నోరు మూసుకుంటారని చూశాడు. ముత్యాలప్ప నన్ను కాలితో పక్కకు జరిపి, ఎదురుగా కూర్చున్నాడు.

"నమలు సామీ, నిదానంగా నమలు. ఈ పొద్దు మేమేం అడిగేకి రాలేదు."

నేను అందలేదు. మహారాజు మింగాడు.

ఇప్పుడు కోటలో సగం మ్యూజియం, సగం సర్కారు కచేరీ. నేను గాజు పెట్టెలో ఉన్నాను. బడిపిల్లలు వస్తే, రాజ్యం కూలడానికి కారణాలుగా వరుస కరువులు, ఖాళీ ఖజానా, పొరుగు రాజుల కుట్ర గురించి చెబుతారు. పిల్లలు రాసుకుంటారు. అవీ ఉండి ఉంటాయి. నా దగ్గరికి వచ్చేసరికి బంగారు పూత సంగతి చెబుతారు.

కొత్త ప్రభుత్వం వచ్చిన ఏడాదే గండి పూడ్చి కొత్త కట్ట పోసింది. తాళంచెవులను మాత్రం భద్రత కోసమని పక్క గదిలోని కచేరీలో పెట్టుకుంది. ముత్యాలప్ప బతికినన్నాళ్లూ వానలకు ముందు వచ్చి అడిగేవాడు. పైనుంచి ఉత్తర్వు రావాలనేవారు. సింగనపల్లి తూము తాళంచెవి ఇంకా ఊరికి ఇవ్వలేదు.