ముందు ఫోను, తర్వాత అగ్గిపుల్ల

లిఫ్టు బాగుచేసేవాడికి లిఫ్టు ఉండదు. పదిహేడేళ్లుగా ఈ మాట చెప్పి అందరినీ నవ్విస్తూ వచ్చాడు మెకానిక్. నిజమే మరి. లిఫ్టు ఆగిపోయిందని కబురొస్తే, పనిముట్ల సంచి భుజాన వేసుకుని పైకప్పు మీది మెషీన్ రూము దాకా మెట్లెక్కి పోవలసిందే. అక్కడ బ్రేకు వదిలించి, పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పి, మధ్యలో ఇరుక్కున్న పెట్టెను దగ్గరి అంతస్తుకు తీసుకురావాలి.

ఆ రోజు ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనంలో ఒక పెద్దాయన లిఫ్టులో ఇరుక్కున్నాడు. కరెంటు లేదు, లోపలంతా చీకటి. మెకానిక్ నాలుగో అంతస్తు దాకా ఒక్క ఊపున ఎక్కాడు. అయిదో అంతస్తు మలుపులో దగ్గు అందుకుంది. మామూలు దగ్గు కాదు, పేగులు నోట్లోకి వచ్చేంత దగ్గు. గోడకు చెయ్యి ఆనించాడు. ఆ తర్వాత మెట్టు మీద కూలబడ్డాడు. గోడ అవతలి నుంచి పెద్దాయన గొంతు వినిపిస్తూనే ఉంది.

"ఎవరైనా ఉన్నారా బాబూ? ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాను" అనడానికి ఊపిరి లేదు. అలా పది నిమిషాలు గడిచాకే మిగిలిన మెట్లెక్కి చక్రం తిప్పగలిగాడు.

బయటపడ్డాక పెద్దాయన అతని రెండు చేతులూ పట్టుకుని, "దేవుడిలా వచ్చావు నాయనా" అన్నాడు. మెకానిక్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ పది నిమిషాల సంగతి ఎవరికీ తెలియదు. భార్యకు కూడా చెప్పలేదు. గేటు దాటి బయటికి రాగానే ఒక సిగరెట్టు ముట్టించాడు, దాని నిప్పుతోనే ఇంకొకటి. రెండోది సగంలో ఉండగా తన మీద తనకే రోత పుట్టింది.

ఆ మంగళవారం ఆసుపత్రికి వెళ్లాడు. పొగ మానాలనుకునేవాళ్లు వారానికోసారి అక్కడ కలుస్తారని ఎప్పుడో విన్నాడు. పిల్లలకు టీకాలు వేసే గది అది. గోడల నిండా ఏనుగులూ కుందేళ్లూ, వాటి కింద చిన్న చిన్న కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఎనిమిది మంది పెద్దవాళ్లు. నర్సు ఒక్కొక్కరికీ ఒక జతను చూపించింది. మెకానిక్‌కు జతగా వచ్చినావిడ అరవై నాలుగేళ్ల మనిషి. పొట్టిగా, తెల్లటి జుట్టుతో, గొంతు మాత్రం గంట కొట్టినట్టు ఉంది. టెలిఫోన్ ఎక్స్చేంజీలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరయింది. ఆ గదిలో అందరూ ఆమెను టెలిఫోనక్క అంటారు. ఆమె మానేసి అప్పటికి పదిహేను రోజులు.

"నమస్కారమమ్మా" అన్నాడు.

"అమ్మా అంటే ముసలిదాన్నయిపోతాను. అక్కా అను. రూలు ఒక్కటే తమ్ముడూ. ముట్టించాలనిపిస్తే ముందు ఫోను, తర్వాత అగ్గిపుల్ల. ఫోను చేశాక కూడా కావాలనిపిస్తే నీ ఇష్టం, నేనేమీ అనను."

ఇంత వయసొచ్చి, సిగరెట్టు తాగాలనుంది అని ఒక పెద్దావిడకు ఫోను చెయ్యడమా! తల ఊపి, నంబరు రాసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి కాలు కాలిన పిల్లే. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు. చేతులకు పని కావాలి. ఇంట్లో తలుపులన్నిటి కీళ్లకూ నూనె పెట్టాడు. కారని కుళాయిని విప్పి కారేలా చేశాడు. మళ్లీ బాగు చేశాడు. గోడ గడియారాన్ని విప్పబోతుంటే భార్య లాక్కుంది.

"ఇంట్లో ఇంక విప్పడానికి మిగిలింది నేనొక్కదాన్నే. పక్కింటికి పొండి, వాళ్లకి చాలా తలుపులున్నాయి."

నవ్వు రాలేదు. అన్నం సహించలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఒక భవనం పైన నీళ్ల ట్యాంకు వెనక నిలబడి, సంచి అడుగున దాచిన సగం సిగరెట్టు కాల్చేశాడు. తల గిర్రున తిరిగింది. ఆ సుఖం ఎంతసేపో కాదు, కింది మెట్టు చేరేలోపే అయిపోయింది.

నాలుగో రోజు ఆవిడే ఫోను చేసింది.

"నాలుగు రోజుల్లో ఒక్కసారీ ఫోను చెయ్యలేదంటే నువ్వు మహాత్ముడివైనా అయ్యుండాలి, దొంగవైనా అయ్యుండాలి. ఏది?"

"రెండోది" అన్నాడు చివరికి.

"హమ్మయ్య. మహాత్ములతో నాకు పడదు. ఇప్పుడు నీ ముందేం కనిపిస్తోందో చెప్పు."

"ఏముంది, గోడ."

"ఏం రంగు? పెచ్చులూడిందా? దాని మీద ఏమైనా రాసుందా? ఊరికే ముప్పై ఏళ్లు పనిచెయ్యలేదు నేను, లైను తెగకుండా చూడ్డం నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య. కానియ్యి."

ఆకుపచ్చ గోడ, దాని మీది తీగలు, ఎండలో పడుకున్న గోధుమరంగు కుక్క. ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. కుక్క చెవి దగ్గరికి వచ్చేసరికి చేతుల్లో దురద తగ్గినట్టనిపించింది. పూర్తిగా పోలేదు, తగ్గింది.

ఆ రోజు నుంచి ఫోను చేస్తూనే ఉన్నాడు. మెషీన్ రూముల్లోంచి, బస్సు స్టాపుల్లోంచి, ఒకసారి పెళ్లిపందిట్లో నుంచి. ఒక్కోరోజు ఆరుసార్లు. కోపంగా ఉంటే కోపంగానే మాట్లాడేవాడు. "ఇదంతా దండగ, ఈ మాటలతో ఒరిగేదేముంది?" అని విసుక్కునేవాడు. ఆవిడ వినేది. "అయిందా? ఇంకా తిట్టు, నాకు పనేం లేదు" అనేది. సగం సిగరెట్టు నాటి నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టి, పదిహేను రోజులు దాటాడు.

పద్దెనిమిదో రోజు మంగళవారం. టెలిఫోనక్క గదికి రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. బుధవారం తొమ్మిదిసార్లు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఆ రోజు అతని చేతిలో స్క్రూలు నిలవలేదు. ఒకటి జారి లిఫ్టు దిగే షాఫ్టులో పడింది. దాని చప్పుడు అడుగుదాకా వింటూ నిలబడ్డాడు. ఆవిడ కోసం కంగారో, ఆవిడ గొంతు దొరక్క తన కంగారో, ఏది ఏదో తేల్చుకోలేకపోయాడు.

గురువారం భోజనాల వేళ నర్సు దగ్గర చిరునామా తీసుకుని బయల్దేరాడు. మూడో అంతస్తు. తలుపు తట్టాడు. తట్టగా తట్టగా జానెడు తెరుచుకుంది. మనిషి కంటే ముందు సిగరెట్టు వాసన వచ్చి పలకరించింది. నోట్లో నీళ్లూరాయి.

"ఎందుకొచ్చావు?" అంది టెలిఫోనక్క.

"మీరు ఫోనెత్తలేదు."

"ఎత్తలేదంటే మాట్లాడటం ఇష్టం లేదని. ఆ మాత్రం తెలీదా?"

"తెలీదక్కా. నాది లిఫ్టుల పని. లోపలున్నవాళ్లు పలక్కపోతే నాకు భయమేస్తుంది."

ఆవిడ తలుపు వదిలేసి వెళ్లి కుర్చీలో కూర్చుంది. బల్ల మీద సాసరులో నాలుగు పీకలు, పక్కన తెరిచిన పెట్టె. రెండు రోజులుగా దువ్వని జుట్టు, ఉబ్బిన కళ్లు.

"నాతో పనిచేసినావిడ పోయింది. మొదటి సిగరెట్టు నా చేతిలో పెట్టింది తనే, ఎక్స్చేంజీ వెనక మెట్ల మీద. ఊపిరితిత్తులు పాడై పోయిందట. కబురు వినగానే ఏం చేశానో తెలుసా? చెప్పులేసుకుని కొట్టుకెళ్లి పెట్టె కొనుక్కొచ్చా. పొగ తాగి పోయిందని ఏడుస్తూ పొగ తాగా. చూడు నా తెలివి."

"మరి రూలు? ముందు ఫోను కదా?"

"ఎలా చేస్తాను? ఊరందరికీ నీతులు చెప్పే నోరిది. పైగా నీకు పదిహేను రోజులు దాటింది. నా నిప్పు నీ ఇంటికి అంటించడమెందుకని."

మెకానిక్‌కు కోపం వచ్చింది. ఆ కోపంలోనే నోరు జారింది. చీకటి లిఫ్టు, అయిదో అంతస్తు మలుపు, గోడ అవతలి గొంతు, ఎవరికీ చెప్పని పది నిమిషాలు, అన్నీ చెప్పేశాడు. "ఆయన నన్ను దేవుడన్నాడక్కా" అన్నాడు. "మీరొక్కరే సిగ్గుపడుతున్నారనుకోకండి."

ఆవిడ లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. నీళ్లు తాగుతున్నంతసేపూ అతని చూపు బల్ల మీద పెట్టె దగ్గరే ఉంది.

"అక్కా, అది అక్కడుంటే నేనిక్కడ కూర్చోలేను."

"అయితే నువ్వు పట్టుకుపో. నా దగ్గరుంటే నేను కాల్చేస్తా."

"నా దగ్గరుంటే నేను కాల్చేస్తా."

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఏ దొంగ చేతికి తాళం ఇవ్వాలి? చెత్తబుట్టలో వేస్తే మళ్లీ తీస్తానంది ఆవిడ. కిటికీలోంచి విసిరితే కిందికెళ్లి ఏరుకుంటానన్నాడు అతను. చివరికి ఇద్దరూ వంటింటి తొట్టి దగ్గర నిలబడి, ఒక్కొక్కటే చింపి, పొగాకంతా కుళాయి కింద పెట్టి పిసికారు. గోధుమరంగు నీళ్లు కారాయి. గదంతా తడిసిన కుక్క కంపు.

"ఛీ, దీని కోసమా మనం!" అంది ఆవిడ ముక్కు మూసుకుని. అని నవ్వబోయి, ఏడ్చింది. అతను తొట్టి కడుగుతూ నిలబడ్డాడు, ఇంకేం చెయ్యాలో తెలియక.

"ఇప్పుడేమిటి?" అంది కళ్లు తుడుచుకుని.

"నాక్కూడా తెలీదు. ఇంకా తాగాలనే ఉంది."

"నాకూ ఉంది. పద, నడుద్దాం."

ఎండలో నడిచారు. ఎక్కడికని అనుకోలేదు. ఆవిడ పొట్టి కాళ్లతో అతని కంటే ముందు నడిచింది. పోయిన స్నేహితురాలి కథలు చెబుతూనే ఉంది. తప్పు లైను కలిపి మామాఅల్లుళ్లకు తగువు పెట్టిన కథ, పైఅధికారి గొంతు అనుకరించి సెలవు మంజూరు చేసుకున్న కథ. బస్సు స్టాపులు మూడు దాటాక అతనికి పని గుర్తొచ్చింది. గంటన్నర ఆలస్యం. సూపర్వైజరు తిట్టాడు. తిట్లు తింటూ మెకానిక్ జేబు తడుముకున్నాడు, అలవాటు కొద్దీ. జేబులో టేపు చుట్ట తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత అంతా సుఖమే అని చెప్పడానికి లేదు. రెండు నెలలకు మెకానిక్ ఇంకొకసారి ముట్టించాడు, ఈసారి ఫోను చేసి మరీ. రెండు దమ్ములకే పారేశాడు. టెలిఫోనక్క మళ్లీ ముట్టుకోలేదు. కానీ స్నేహితురాలి మాట వచ్చినప్పుడల్లా ఆవిడ వేళ్లు గాలిలో దేనికో వెతుక్కుంటూనే ఉండేవి.

తొట్టిలో పొగాకు పిసికిన తర్వాతి మంగళవారం మాత్రం ఇద్దరూ కలిసే ఆ గదికి వెళ్లారు. తన వంతు వచ్చాక ఆవిడ లేచి నిలబడింది. గంటలాంటి గొంతు ఆ రోజు గుసగుసలా వచ్చింది.

"ముప్పై అయిదు రోజులుండేవి నా దగ్గర. పారేసుకున్నా. ఇవాళ అయిదో రోజు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎదుటి కుర్చీలోని బడిపంతులు, "నాది మూడుసార్లు పోయిందండీ" అన్నాడు మెల్లిగా. నర్సు కుర్చీ జరిపి ఆవిడకు దగ్గరగా కూర్చుంది.

టెలిఫోనక్క కూర్చుంటూ పక్కకు తిరిగింది. "కాలు ఆపు తమ్ముడూ. నా కుర్చీ కూడా ఊగుతోంది."

"ఆగట్లేదక్కా."

"సరే, ఊపుకో" అంది ఆవిడ, తన కుర్చీని అతని వైపు ఇంకాస్త జరుపుకుంటూ.