అద్దానికి అంటుకున్న ఫోటో

అమ్మకు ఉన్నది ఒకే ఒక్క ఫోటో. నలభై తొమ్మిదేళ్లుగా అది అక్క దగ్గరే ఉంది. ఇల్లు మారిన ప్రతిసారీ దాన్ని చీరలో చుట్టి తన చేతులతోనే మోసుకెళ్లేది. చెమ్మకు ఫోటో ఫ్రేములోని అద్దానికి అంటుకుపోయింది. అంచులు నల్లబడ్డాయి. అయినా అద్దంలోంచి అమ్మ ముఖం స్పష్టంగానే కనబడేది.

"బాగుచేయించి, నాక్కూడా ఒకటి పెద్దది తీయించుకుంటానక్కా," అని తమ్ముడు అడిగితే నెల క్రితం ఇచ్చింది.

ఇవాళ వాళ్లింటికి వెళ్లేసరికి హాల్లో టీవీ పైన ఉందది. చీర అంచు అమ్మదే. కుర్చీ మీద పెట్టిన చెయ్యి అమ్మదే. ముఖం మాత్రం తమ్ముడి కూతురిది.

"చూశారా వదినా, మన పిల్లది అచ్చం నానమ్మ పోలిక," అంది మరదలు. "ఇన్నాళ్లూ మా పుట్టింటి పోలికని నేను ఊరికే మురిసిపోయాను."

"పోలిక కాదు. దాని ముఖమే ఇది."

తమ్ముడు పేపరు పక్కన పెట్టాడు. "ముఖం దగ్గర పాడైపోయిందక్కా. రక్తసంబంధం ఉన్నవాళ్ల ఫోటో ఏదైనా ఇస్తే చూసి సరిచేస్తానన్నాడు షాపాయన. దీనిది ఇచ్చాను."

"నేనిచ్చినప్పుడు ముఖం బాగానే ఉందిగా?"

"అద్దానికి అంటుకుని ఉంది కదా, షాపుకి అలాగే పట్టుకెళితే ఏం బావుంటుందని తడిచేసి లాగాను. మెల్లగానే లాగాను."

"అద్దమేదిరా?"

జవాబు మరదలు చెప్పింది. "దాని సంగతి అడక్కండి. మధ్యలో ఒక మరక. పీచుతో తోమి తోమి నా చేతులు పడిపోయాయి. సగమే పోయింది. విసుగొచ్చి పారేశాను."



"ఇది అమ్మ కాదురా," అంది అక్క.

"బాబాయి చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మా వదినే అన్నాడు."

"బాబాయికి చూపెక్కడిది? మొన్న నన్ను చూసి కరెంటు బిల్లు ఎంతైందని అడిగాడు."

ఎవరూ నవ్వలేదు. తమ్ముడు గోడ వైపు చూస్తూ అన్నాడు. "అమ్మ పోయేనాటికి నీకు పదకొండేళ్లు. నాకు ఏడాదిన్నర. అమ్మంటే నువ్వు చెప్పిన మాటలే నాకు. ఈ ఫోటో ఎప్పుడైనా నా ఇంట్లో ఒక్క వారం ఉండనిచ్చావా? ఇప్పుడు పొద్దున్నే లేచి చూసుకోడానికి ఒక మనిషుంది. నువ్వొచ్చి కాదంటున్నావు."

మర్నాడు అక్క ఫోటోలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లింది. జిరాక్సు షాపు మీద ఇరుకు గది. ఆయన ఒక కవరులోంచి అసలు ఫోటో తీసి ఇచ్చాడు. చీర ఉంది, కుర్చీ ఉంది. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి కాగితం.

"అద్దంతో సహా తేవాల్సిందమ్మా," అన్నాడాయన. "అంటుకున్నదాన్ని లాగితే బొమ్మ అద్దానికే ఉండిపోతుంది. అద్దంలోంచే స్కాను తీసుకునేవాణ్ణి, నిమిషం పని. అద్దం ఉంటే ఇప్పుడైనా తీసుకురండి."

"లేదు," అంది అక్క. మరక అని మరదలు తోమిందేమిటో ఆమెకు అర్థమైంది.

ఆయన కుర్చీ జరిపాడు. "మీరు కళ్లారా చూసినవాళ్లు కదా. కూర్చోండి. మీరు చెబుతుంటే మారుస్తాను."

ఆయన తమ్ముడింట్లోని ఫోటోనే కంప్యూటరులో తెరిచాడు. అక్క తెర ముందు కూర్చుంది. ముక్కు ఇంత కోసుగా ఉండదంది. ఆయన తగ్గించాడు. కనుబొమలు దూరంగా ఉండేవంది. దూరం జరిపాడు. గడ్డం కింద కొంచెం నిండుగా. పెదవి ఇంకాస్త పల్చగా. ఓపికగల మనిషి, విసుక్కోకుండా ఒక్కొక్కటీ మార్చుకుంటూ వచ్చాడు. గంట గడిచేసరికి తెర మీద వరసగా తొమ్మిది మంది ఆడవాళ్లున్నారు.

"ఇదా? లేక ఇందాకటిదా?"

ఇదే అనిపించింది. ఇందాకటిది చూస్తే అదే అనిపించింది. అక్క కళ్లు మూసుకుంది. వంటింట్లో అమ్మ, జడ వేస్తున్న అమ్మ, తమ్ముణ్ణి చంకనేసుకున్న అమ్మ. ప్రతిచోటా కుర్చీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డ ఆ ఫోటోలోని ముఖమే వచ్చి కూర్చునేది ఇన్నాళ్లూ. ఇప్పుడు అక్కడ తెల్లగా ఉంది.

"చెప్పండమ్మా, ఏది?"

"మొదటిదే ఉంచండి," అంది అక్క, సంచీ అందుకుంటూ. "మా తమ్ముడికి అలవాటైంది."